ఉప్పు, రాగి, కర్పూరం, పలుగురాయి: ఘనపదార్థం లోపలి బంధాన్ని ఇంట్లోనే పట్టుకోవడం ఎలా

ఉప్పుగల్లు మీద సుత్తి వేస్తే పగులుతుంది. రాగి తీగ మీద వేస్తే చదునవుతుంది. కర్పూరం బిళ్లను మూత లేకుండా వదిలేస్తే ఏ సుత్తీ అక్కర్లేకుండానే రోజురోజుకూ చిక్కిపోతుంది. మూడూ ఘనపదార్థాలే. తేడా అంతా లోపలి కణాలు ఒకదాన్నొకటి పట్టుకున్న తీరులో ఉంది. ఆ పట్టు ఎలాంటిదో కింది పరీక్షలతో మీరే తేల్చవచ్చు. ఒక ఆదివారం పూట సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట గుర్తుంచుకోండి. "ఈ పదార్థంలో బంధం బలమైనదా, బలహీనమైనదా" అని అడగకండి. "ఇది కరగాలన్నా, పగలాలన్నా, కరెంటు ప్రవహించాలన్నా ఏ పట్టు సడలాలి" అని అడగండి. పంచదార అణువు లోపల కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువుల మధ్య ఉన్నవి గట్టి సంయోజనీయ బంధాలే, అంటే ఎలక్ట్రాన్లను పంచుకుని కట్టుకున్న బంధాలు. పంచదార కరగడానికి అవి తెగనక్కర్లేదు, అణువుకూ అణువుకూ మధ్య ఉన్న పట్టు సడలితే చాలు. "సంయోజనీయ బంధం బలహీనం కాబట్టి ఆ పదార్థాలు త్వరగా కరుగుతాయి" అని బడి పరీక్షల్లో రాసే జవాబు అందుకే తప్పు. వజ్రంలో ఉన్నదీ సంయోజనీయ బంధమే మరి.

కావలసినవి

నమూనాలు: సైంధవ లవణం గడ్డ ఒకటి (ఆయుర్వేద మూలికల దుకాణంలో దొరుకుతుంది), వంట ఉప్పు 50 గ్రాములు, పంచదార 250 గ్రాములు, పటికబెల్లం పలుకులు, కొవ్వొత్తి ముక్క, హారతి కర్పూరం బిళ్లలు నాలుగు, పటిక చిన్న ముక్క, పలుగురాయి ఒకటి, 6బి పెన్సిళ్లు రెండు, 1.5 చదరపు మిల్లీమీటర్ల ఒంటి పోగు రాగి తీగ అర మీటరు. పాత ఇస్త్రీ పెట్టెలోని అభ్రకం రేకు దొరికితే మరీ మంచిది.

పరికరాలు: 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్ఈడీ, 470 ఓమ్‌ల రెసిస్టర్, మొసలి క్లిప్పులున్న వైర్లు మూడు, భూతద్దం, సుత్తి, పాత స్టీలు గరిటె, పట్టకారు, గ్రాముల్లో తూచే వంటింటి త్రాసు, కళ్లద్దాలు, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు. గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును ఈ పనికి ఏ రూపంలోనూ వాడకండి.

1. నమూనాలను ఆరబెట్టండి

ఉప్పు గాలిలోని తేమను పట్టుకుంటుంది. చెమ్మగిల్లిన ఉప్పులో గింజల చుట్టూ ఉప్పునీటి పొర ఉంటుంది. కరెంటు పరీక్షలో ఆ పొర అబద్ధం చెబుతుంది. వట్టి మూకుడులో సన్నని సెగ మీద అయిదు నిమిషాలు వేయించి, పూర్తిగా చల్లారాక మూత ఉన్న సీసాలో పెట్టండి. మిగతావాటికి ఇంత అవసరం లేదు. పంచదార, కర్పూరం, మైనాలను మూకుడు దగ్గరకు కూడా రానివ్వకండి.

2. గీసి చూడండి

గోరు, రాగి తీగ, స్టీలు చాకు, గాజు పలక అనే వరుసలో వెళ్లండి. ఏది దేన్ని గీస్తుందో 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కాఠిన్య కొలతలో ఇవి సుమారుగా 2.5, 3, 5.5, 5.5. మైనం గోటికే లొంగుతుంది. ఉప్పుగడ్డ మీద గోరు పెద్దగా పనిచేయదు, రాగి మాత్రం గీత పెడుతుంది. పలుగురాయిని చాకు ఏమీ చేయలేదు. పైగా అదే గాజును గీస్తుంది, దాని కాఠిన్యం 7.

ఇక్కడ అందరూ చేసే తప్పు, మరకను గీత అనుకోవడం. పలుగురాయి మీద చాకు గీస్తే బూడిద రంగు చార పడుతుంది. అది రాయి మీద అరిగిన చాకు లోహం. తడి బొటనవేలితో రుద్దండి. చెరిగిపోతే మరక, గోటికి పల్లంగా తగిలితే గీత.

ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకండి. ఉప్పు, పటికబెల్లం కాఠిన్యంలో దగ్గరదగ్గరగానే ఉంటాయి, బంధాలు మాత్రం పూర్తిగా వేరు. గీత చెప్పేది ఒక్కటే: పలుగురాయిలో ప్రతి సిలికాన్ పరమాణువూ నాలుగు ఆక్సిజన్లతో, ప్రతి ఆక్సిజన్ రెండు సిలికాన్లతో సంయోజనీయ బంధంతో ముడిపడి, రాయంతా ఒకే వలగా అల్లుకుపోయింది. గీత పడాలంటే ఆ బంధాలే తెగాలి.

3. కొట్టి చూడండి

కళ్లద్దాలు పెట్టుకోండి. సైంధవ లవణం గడ్డను మందపాటి గుడ్డలో చుట్టి ఒక్క దెబ్బ వేయండి. ముక్కలను భూతద్దం కింద పెట్టి చూస్తే ముఖాలు నునుపుగా, ఒకదానికొకటి లంబంగా కనిపిస్తాయి. తర్వాత మంచి ముక్క ఒకటి తీసుకుని, చాకు అంచును ఒక ముఖానికి సమాంతరంగా నిలబెట్టి, వెనక నుంచి మెల్లగా తట్టండి. నిలువుగా చీలి రెండు పెట్టెలవుతుంది. చాకును ఏటవాలుగా పెడితే చీలదు, నలిగి పొడవుతుంది.

కారణం ఇది. ఉప్పులో ఉన్నవి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు: సోడియం ధన అయాన్లు, క్లోరిన్ రుణ అయాన్లు చదరంగం గడుల్లా మూడు దిశల్లోనూ మార్చి మార్చి కూర్చుంటాయి. ఒక్కొక్కదాని చుట్టూ ఎదుటి జాతివి ఆరు ఉంటాయి. ధనానికీ రుణానికీ మధ్య ఉన్న ఈ పట్టే అయానిక బంధం. ఉప్పులో విడిగా "ఉప్పు అణువు" అంటూ లేదని 1913లో భౌతిక శాస్త్రవేత్తలైన బ్రాగ్ తండ్రీకొడుకుల ఎక్స్‌రే పరిశోధన చూపించింది. దెబ్బ తగిలి ఒక వరస ఒక్క గడి జరిగితే ధనం ఎదురుగా ధనం, రుణం ఎదురుగా రుణం వస్తాయి. అంతవరకూ పట్టుకున్నవే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే ఉప్పు వంగదు, పగులుతుంది.

సముద్రపు రాళ్ల ఉప్పుతో ఈ పరీక్ష చాలాసార్లు విఫలమవుతుంది. ఆ గల్లు ఒక స్ఫటికం కాదు, ఎన్నో చిన్న స్ఫటికాలు అతుక్కున్న ముద్ద. దెబ్బకు అతుకుల దగ్గర విడిపోతుంది కాబట్టి చదును ముఖాలు కనిపించవు. సైంధవ లవణం దొరక్కపోతే 100 మిల్లీలీటర్ల వేడి నీటిలో 36 గ్రాముల ఉప్పు కరిగించి, వడకట్టి, వెడల్పాటి గాజు గిన్నెలో కదపకుండా నీడన ఉంచండి. వారంలో చిన్న చిన్న ఘనాలు అడుగున పేరుకుంటాయి. ఎండలో పెట్టి తొందర పెడితే మళ్లీ ముద్దే వస్తుంది.

రాగిని కొడితే ఏమవుతుందో మీకు తెలుసు. అక్కడ లోహ బంధం ఉంది: ధన అయాన్ల వరసల మధ్య ఎలక్ట్రాన్లు ఎవరి సొంతమూ కాకుండా తిరుగుతుంటాయి. వరస జరిగినా అవే ఎలక్ట్రాన్లు కొత్త పొరుగునూ పట్టి ఉంచుతాయి. రేకుగా సాగడం, తీగగా సాగడం రెండూ అందువల్లే. కానీ అసలు సంగతి ఇంకా ఉంది. అది ఏడో మెట్టులో చూద్దాం.

4. వేడి చేయండి

ముందు ఒక మాటల చిక్కు. తెలుగులో మైనమూ కరుగుతుంది, ఉప్పూ నీళ్లలో కరుగుతుంది. మాట ఒకటే, జరిగే పనులు రెండు. మైనం వేడికి ద్రవమవుతుంది. ఉప్పు అయాన్లను నీటి అణువులు చుట్టుముట్టి పీకేస్తాయి. మీ నోట్సులో "వేడికి కరిగింది", "నీట కరిగింది" అని విడివిడిగా రాసుకోండి, లేకపోతే చివర్లో ఫలితాలు కలగాపులగమవుతాయి.

మైనాన్ని చిన్న గిన్నెలో వేసి వేడినీళ్ల మీద తేలించండి. 50 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగిపోతుంది. అక్కడ అణువుల మధ్య ఉన్నవి వాండర్ వాల్స్ బలాలనే బలహీనమైన ఆకర్షణలే.

పంచదార పావు చెంచా స్టీలు గరిటెలో వేసి సన్నని మంట మీద పట్టండి. సుమారు 160 నుంచి 186 డిగ్రీల మధ్య మెత్తబడి, కరిగి, వెంటనే గోధుమరంగుకు తిరుగుతుంది. రంగు మారిందంటే అణువులే చెదిరిపోవడం మొదలైందన్నమాట. పంచదార అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు (ఒక అణువులోని హైడ్రోజన్‌కూ పక్క అణువులోని ఆక్సిజన్‌కూ మధ్య ఆకర్షణ) ఎక్కువ. మైనం కంటే ఎంతో ఎక్కువ వేడి పట్టేది వాటి వల్లే. కాలిన పంచదార చర్మానికి అంటుకుంటే మామూలు వేడినీటి కంటే లోతుగా కాలుస్తుంది, వేలు పెట్టకండి.

ఉప్పు పావు చెంచా వేసి చూడండి. చిటపటలాడుతుంది. అది కరగడం కాదు. స్ఫటికాల లోపల చిక్కుకున్న నీటి బొట్లు ఆవిరై గింజలను పగలగొడుతున్నాయి. ఉప్పు కరగాలంటే 801 డిగ్రీలు కావాలి. వంటింటి స్టవ్ మీద గరిటెలో దాన్ని కరిగించాలని పట్టుబట్టకండి. కావలసిన సాక్ష్యం "కరగలేదు" అన్నదే.

అయాన్ల మీది ఆవేశం పెరిగితే పట్టు ఎంత పెరుగుతుందో చూడాలంటే మెగ్నీషియం ఆక్సైడ్ మంచి ఉదాహరణ. అమరిక ఉప్పుదే. కానీ అయాన్ల ఆవేశాలు ఒకటి కాదు, రెండేసి. కరిగే ఉష్ణోగ్రత 2,800 డిగ్రీలు దాటుతుంది. ఇమ్మర్షన్ రాడ్డులోనూ గీజరులోనూ వేడెక్కే తీగకూ పై గొట్టానికీ మధ్య కూరేది ఈ పొడినే. వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది, ఎంత కాలినా కరగదు.

కర్పూరాన్ని మంట దగ్గరకు తేకండి, అంటుకుంటుంది. స్టీలు గ్లాసులో రెండు బిళ్లలు వేసి, గ్లాసు మూతి మీద చల్లటి నీళ్లున్న చిన్న గిన్నెను మూతలా పెట్టండి. వేరే గిన్నెలో నీళ్లు మరిగించి, *స్టవ్ ఆపేసి*, ఆ నీళ్లలో గ్లాసును నిలబెట్టండి. పదిహేను నిమిషాల తర్వాత పై గిన్నె అడుగున తెల్లటి పలుకులు అతుక్కుని ఉంటాయి. ద్రవం కాకుండానే ఆవిరైంది, మళ్లీ ఘనమైంది. గుండ్రటి అణువులు ఒకదాన్నొకటి లీలగా పట్టుకుని ఉండటమే కారణం. పలుకులు రాకపోతే గ్లాసుకూ గిన్నెకూ మధ్య సందు ఉందేమో చూడండి. కిటికీ తెరిచి ఉంచండి. కర్పూరం మింగితే విషం, చిన్న పిల్లలున్న ఇంట్లో మిగిలిన బిళ్లలు వెంటనే దాచేయండి. దీని బదులు కలరా ఉండలు వాడదామని అనిపించవచ్చు. వాటి ఆవిరి ఇంకా చెడ్డది, వద్దు.

5. కరెంటు పోనివ్వండి

బ్యాటరీ ధన కొస నుంచి రెసిస్టరు, రెసిస్టరు నుంచి ఎల్ఈడీ పొడవు కాలు. ఎల్ఈడీ పొట్టి కాలు నుంచి ఒక వైరు, బ్యాటరీ రుణ కొస నుంచి ఇంకో వైరు. ఈ రెండు వైర్ల కొసల మధ్య నమూనా పెట్టాలి. ముందు రెండు కొసలూ తాకించి చూడండి. వెలగకపోతే ఎల్ఈడీ తిరగబడింది. రెసిస్టరు లేకుండా కలిపితే ఎల్ఈడీ ఒక్క క్షణంలో మాడిపోతుంది. 470 ఓమ్‌లు ఉంటే సుమారు 15 మిల్లీ ఆంపియర్లే పోతుంది.

రాగి తీగ: వెలుగుతుంది. మోటారు చుట్టే తీగ తెచ్చుకుని ఉంటే వెలగదు. దాని మీద కనిపించని వార్నిష్ పూత ఉంటుంది, గరుకు కాగితంతో గీకండి. 6బి పెన్సిల్‌ను రెండు వైపులా చెక్కి ముల్లు కొసలకు క్లిప్పులు పెట్టండి, ఇదీ వెలుగుతుంది. గ్రాఫైట్‌లో ప్రతి కార్బనూ మూడు కార్బన్లతోనే బంధం కట్టుకుని, నాలుగో ఎలక్ట్రాన్‌ను పొర అంతటా తిరగనిస్తుంది. వజ్రంలో నాలుగూ ముడిపడి ఉంటాయి కాబట్టి ఆ దారి లేదు. 2హెచ్ పెన్సిల్‌లో మట్టి పాలు ఎక్కువ, వెలుగు మందగించవచ్చు.

పలుగురాయి, మైనం, పటికబెల్లం, ఆరబెట్టిన సైంధవ లవణం: ఏదీ వెలగదు. ఉప్పులో అయాన్లు నిండా ఉన్నాయి, కానీ జాలకంలో, అంటే ఆ గడుల అమరికలో, బిగుసుకుని కదల్లేవు. వెలిగిందంటే మొదటి మెట్టు సరిగా చేయలేదన్నమాట.

ఇప్పుడు గాజు గ్లాసులో 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, రెండు పెన్సిల్ ముల్లులను రెండు సెంటీమీటర్ల ఎడంతో ముంచండి. చీకట్లో చూస్తే అతి సన్నని వెలుగు కనబడవచ్చు, అది మీ మొదటి కొలత. బోరు నీళ్లయితే ఇక్కడే బాగా వెలుగుతుంది, పరీక్ష పాడైనట్టే. ఒక చెంచా పంచదార కలపండి: తేడా ఉండదు. అణువులు విడివడ్డాయి, కానీ వాటి మీద ఆవేశం లేదు. కొత్త నీళ్లలో చిటికెడు ఉప్పు వేయండి: వెలుగు గభాలున పెరుగుతుంది. పది సెకన్లలో ఆపేయండి. ఉప్పు ఎక్కువైతే ధన ముల్లు దగ్గర క్లోరిన్ వస్తుంది, బ్లీచింగ్ పౌడర్ వాసనలా తెలుస్తుంది. ముల్లుల బదులు రాగి తీగలు ముంచితే రాగే కరిగి నీళ్లు ఆకుపచ్చగా మారతాయి, ఏ ఫలితం దేనిదో తెలియదు.

6. నీట కరిగించండి

త్రాసు మీద చూస్తూ 100 మిల్లీలీటర్ల నీటిలో అయిదేసి గ్రాముల చొప్పున ఉప్పు వేసి కలపండి. 36 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. నీళ్లు మరిగించినా 39 దాటదు. పంచదార మామూలు గది వేడిలోనే 200 గ్రాముల దాకా పడుతుంది, వేడి చేస్తే ఇంకా ఎంతో. తీగపాకం పంచదారతో వస్తుంది, ఉప్పుతో ఎప్పటికీ రాదు. పంచదార అణువు చుట్టూ ఉన్న హైడ్రాక్సిల్ సమూహాలు (ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు) నీటితోనూ హైడ్రోజన్ బంధాలు కట్టుకుంటాయి కాబట్టి నీరు దాన్ని సొంతవాళ్లలా కలుపుకుంటుంది. కర్పూరానికి ఆ సదుపాయం దాదాపు లేదు, నీళ్ల మీద తేలుతుంది. పలుగురాయి వలను నీరు విడదీయలేదు.

7. రాగిని గట్టిపరచి, మళ్లీ మెత్తబరచండి

ఈ మెట్టుకు కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి. బంధం ఒక్కటే అన్నీ తేల్చదని ఇక్కడే తెలుస్తుంది.

తీగ మీది ప్లాస్టిక్ తొడుగును పూర్తిగా తీసేయండి, కాలితే ఘాటైన ఆమ్లపు ఆవిరి వస్తుంది. 15 సెంటీమీటర్ల ముక్కలు రెండు కోయండి. కొత్త తీగను ముందే మెత్తబరిచి అమ్ముతారు, కాబట్టి ముందు దాన్ని గట్టిపరచాలి. రెండింటినీ పొడవునా సుత్తితో సమంగా కొట్టి చదును చేయండి. ఇప్పుడు వంచి చూస్తే స్ప్రింగులా ఎదురు తిరుగుతాయి.

ఒకదాన్ని పట్టకారుతో స్టవ్ మంటలో పట్టి, మసక వెలుగులో లేత ఎరుపు కనిపించేదాకా కాల్చి, నీళ్లలో ముంచండి. పైన నల్లటి కాపర్ ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, ఫరవాలేదు. రెండు ముక్కలనూ పక్కపక్కన వంచండి. కాల్చింది వేలితో నొక్కితే చాలు, వంగుతుంది. దాన్ని మళ్లీ కొడితే మళ్లీ గట్టిపడుతుంది. కంసాలి మధ్యమధ్య లోహాన్ని కాల్చుకునేది ఇందుకే.

కాల్చినా మెత్తబడలేదంటే ఎరుపు రాకముందే తీసేశారు. ఒంటి పోగు బదులు సన్నని పోగులు వాడితే మాడి తెగిపోతాయి. స్టీలుతో మాత్రం ఇదే చేసి రాగి ఫలితం ఆశించకండి. కుట్టుసూదిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే పెళుసై, వంచగానే విరుగుతుంది. ఉక్కులోని కార్బన్ బయటపడే వ్యవధి లేక ఇనుము వరసల మధ్య ఇరుక్కుని, వాటిని జరగనివ్వదు.

రాగిలో బంధం కాల్చకముందూ తర్వాతా లోహ బంధమే. మారింది వరసల్లోని లోపాల (అమరిక తప్పిన చోట్ల) సంఖ్య. లోహం వంగేటప్పుడు ఒక వరస మొత్తం ఒక్కసారిగా జరగదు. పెద్ద జంపఖానాను లాగలేనప్పుడు ఒక అంచున ముడత లేపి, ఆ ముడతను అవతలి అంచుదాకా తోసుకుంటూ పోతాం చూడండి, అలా వరసలోని లోపం ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతుంది. కొట్టేకొద్దీ లోపాలు పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడతాయి. కాలిస్తే పరమాణువులు సర్దుకుని కొత్త స్ఫటికాలు పుడతాయి, దారి మళ్లీ సాఫీ అవుతుంది.

దీన్ని కళ్లతో చూడాలంటే పళ్లెంలో సబ్బునీళ్లు పోసి, అక్వేరియం పంపు గొట్టానికి సన్నని మొండి సూది తగిలించి నీటి కింద పెట్టండి. ఒకే పరిమాణంలో ఒకటి రెండు మిల్లీమీటర్ల బుడగలు తెప్పలా పేరుకుంటాయి. రెండు దువ్వెనలతో తెప్పను పక్కలకు నెడితే లోపం వరస మీద పరుగెత్తడం కనిపిస్తుంది. భౌతిక శాస్త్రవేత్తలు లారెన్స్ బ్రాగ్ (ఉప్పు పరిశోధన చేసిన తండ్రీకొడుకుల్లో కొడుకు), నై 1947లో చూపించిన నమూనా ఇది. బుడగలు హెచ్చుతగ్గులుగా వస్తే సూదిని లోతు మార్చకుండా బిగించి ఉంచండి.

8. ఫలితాలు చదవండి

కొడితే సాగి, ఘనంగా ఉండగానే కరెంటు పోనిస్తే లోహ బంధం. ఎంత వేడికి కరుగుతుందన్నది లోహాన్ని బట్టి మారుతుంది: పాదరసం మైనస్ 39 డిగ్రీలకే ద్రవం, టంగ్‌స్టన్‌కు 3,400 దాటాలి. పెళుసుగా ఉండి, స్టవ్ వేడికి కరగక, పొడిగా కరెంటు పోనివ్వక, నీట కరిగాక పోనిస్తే అయానిక బంధం. గాజును గీసి, కరగక, నీటికి లొంగక, కరెంటు ఆపితే సంయోజనీయ వల. త్వరగా కరిగో, ఆవిరయ్యో, ఏ స్థితిలోనూ కరెంటు పోనివ్వకపోతే అణు ఘనపదార్థం, అంటే విడివిడి అణువులు బలహీనంగా పట్టుకుని ఉన్నది.

ఈ వర్గాల్లో ఇమడనివి

పటికను మూకుడులో వేస్తే 92 డిగ్రీల దగ్గరే కరిగి, తర్వాత పొంగుతుంది. అయానిక పదార్థం ఇంత తక్కువ వేడికి కరిగిందేమిటని కంగారుపడకండి. పటిక స్ఫటికంలో పొటాషియం, అల్యూమినియం, సల్ఫేట్ అయాన్లతో పాటు పన్నెండు నీటి అణువులు కూర్చుని ఉంటాయి. వేడికి ఆ నీరు వదులై, పటిక తన నీటిలో తానే కరుగుతుంది. ఆ నీరు ఆవిరైపోయాక మిగిలే పొంగిన పటికను ఎంత వేడి చేసినా మళ్లీ ద్రవం కాదు.

అభ్రకం అంచున సూది మొన దూర్చితే పొరలుగా ఊడివస్తుంది. పొర లోపల సిలికాన్, ఆక్సిజన్ల సంయోజనీయ వల, పొరకూ పొరకూ మధ్య పొటాషియం అయాన్ల వదులు పట్టు. ఒకే రేకులో రెండు రకాల బంధాలు. కరెంటు పోనివ్వదు, సెగ తట్టుకుంటుంది కాబట్టే గూడూరు ప్రాంతపు అభ్రకానికి విద్యుత్ పరికరాల్లో అంత గిరాకీ ఉండేది. పెన్సిల్ ముల్లు కాగితం మీద రాయడమూ ఇలాంటిదే: గ్రాఫైట్ పొరలో కార్బన్ల మధ్య దూరం 0.142 నానోమీటర్లయితే పొరల మధ్య 0.335.

ఇక సుద్ద, అంటే నేలలో దొరికే సహజ సుద్ద. చేతికి పొడిలా అంటుతుంది, పాలరాయిని గీయాలంటే చాకు కావాలి. రెండూ కాల్షియం కార్బనేటే, బంధాలూ ఒకటే. సుద్దలో సన్నని రేణువులు మధ్యలో ఖాళీలతో వదులుగా పేరుకుని ఉన్నాయి. మీ గోరు విడదీసింది బంధాన్ని కాదు, రేణువుల గుట్టను. ముద్దగానో బిళ్లగానో ఉన్న నమూనా మీద గీత పరీక్ష చేసే ముందు భూతద్దంలో చూడండి. గింజలు కనిపిస్తే, ఆ పదార్థంలో దొరికిన పెద్ద ఒంటి స్ఫటికాన్ని వెతుక్కుని దాన్నే గీయండి.